మాట విన్న మనిషి – బిషప్ అజరయ్యగారు

మావాడు చెప్పిన మాట వినడని ఒక తల్లి పొరుగింటామెతో చెప్పుకుంటే, ఆ పిల్లవానికి చెవుడని ఎవరూ అనుకోరు. చెప్పినట్లు చేయడని అర్థము. మన తెలుగులో వినడమంటే చేయడమే. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలోను ఇంతే. షెమా అను మాటకు వినుట, లోబడుట అని రెండర్థములూ ఉన్నాయి. వేదాంత కళాశాలలో ఈ సంగతి మాకు బోధించినప్పుడు, ఇది మా అమ్మ ఎప్పుడో చెప్పినదే గదా అనిపించింది.

అయితే సంఘములో విధేయత అను మాట వాడి వాడి అరిగిపోయింది. పెద్దల ముందు తల వంచుకొని నోరు మూసుకోవడమే విధేయత అని కొందరి భావన. ఆదివారము గుడికి వచ్చి కానుక వేస్తే ఆ బాధ్యత తీరిపోయిందని మరికొందరు అనుకుంటారు. దేవుని మాట విన్న మనిషి నిజముగా ఎలా ఉంటాడో చూపడానికి, డోర్నకల్ మొదటి అధ్యక్షులు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి జీవితముకంటె మంచి ఉదాహరణ తెలుగు సంఘములకు దొరకదు. ఆయన పటము చాలామంది చూసే ఉంటారు. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అని సండేస్కూలు పిల్లలు కూడ చెప్పగలరు. కాని నా ఉద్దేశములో ఆయన జీవితములో పెద్ద సంగతి ఆ పదవి కాదు, దానికి మూడేండ్ల ముందు జరిగినది.

ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన తమిళ దేశములో తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విలై అను చిన్న గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగంగారు హిందూ మతము నుండి క్రీస్తును అంగీకరించి పల్లె సంఘమునకు గురువైన వ్యక్తి. కుమారుని కొరకు ఆ దంపతులు ఏండ్ల తరబడి ప్రార్థించారు. హన్నా కథ జ్ఞాపకము చేసుకొని బిడ్డకు శామ్యూల్ అని పేరు పెట్టారు. సౌలు రాజు బలికి తెచ్చిన పశువులను చూపించి తన అవిధేయతను కప్పిపుచ్చబోతే నిలదీసిన ప్రవక్త పేరు అది. బిడ్డ పెద్దవాడై ఆ పేరుకు ఎలా లెక్క అప్పగిస్తాడో ఆ తల్లిదండ్రులకు తెలియదు.

తండ్రి త్వరలోనే పోయారు. తల్లి ఎల్లెనమ్మగారు భక్తిలోను క్రమశిక్షణలోను ఆయనను పెంచారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి కూడ డిగ్రీ పట్టా లేకుండానే బయటకు వచ్చారు. (1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారే ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. చదువు ఆగిన పిల్లలున్న ఇండ్లలో ఈ సంగతి చెప్పుకోవచ్చు.) 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరిగి, విద్యార్థుల మధ్య మంచి పేరు సంపాదించారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. దక్షిణ ఇండియాలో కాలేజీ చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెండ్లిలో కట్నము లేదు, ఆర్భాటము లేదు. మన పెండ్లి పందిళ్లను చూస్తే, నూరేండ్లు దాటినా ఈ ఒక్క పాఠము మనకు ఒంటబట్టలేదని ఒప్పుకోవాలి.

1902లో ఆయన పనిమీద సింహళములోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్త పని జరిపిస్తున్నారు. ఇది చూసి ఆయనకు సిగ్గు వేసింది. తిరునెల్వేలి సంఘము అప్పటికే తరాల నాటిది. గుడులు, బడులు, గురువులు అన్నీ ఉన్నాయి. అయినా సువార్తను మరొక జనమునకు తీసుకొనిపోవడం తెల్లదొరల పని అని అందరూ ఊరుకున్నారు. ఆయన తిరిగి వచ్చి స్నేహితులను కూర్చి 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని ప్రారంభించారు. భారతీయుల మనుష్యులు, భారతీయుల డబ్బు, భారతీయుల యాజమాన్యము అన్నది దాని నియమము. నిజాం రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును పొలముగా ఎంచుకొని 1904లో మొదటి మిషనరీని పంపారు. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపురములో, విలియం కేరీ పనిచేసిన చోట, నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికీ అజరయ్యగారే కార్యదర్శి.

ఇక్కడే అసలు పరీక్ష వచ్చింది. ఊరూరా సభలు పెట్టి, భారత క్రైస్తవ యువకులారా, వెళ్లండి అని పిలుస్తున్న కార్యదర్శి ఆయన. వినేవారు చప్పట్లు కొట్టేవారు, చందాలు వేసేవారు. వెళ్లేవారు మాత్రము తక్కువ. దేవుని మాట ఇతరులకు వినిపించడం సులభమే. ప్రసంగ వేదిక మీద నిలబడే మా వంటివారికి ఈ సంగతి బాగా తెలుసు. వినిపించిన మాట తిరిగి తన చెవిలోనే పడితే ఏమి చేయాలి? ఇతరులను వెళ్లమనే తాను ఎందుకు వెళ్లడంలేదన్న ప్రశ్న ఆయనను వదలలేదు. 1909లో ఆయన కార్యదర్శి పదవిని వదిలి, గురు అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు.

ఆనాటి డోర్నకల్‌ను కాస్త ఊహించుకోండి. సింగరేణి బొగ్గు గనులకు రైలు చీలే చోటు, చుట్టూ అడవి, చలిజ్వరము. తగిన ఇల్లు లేక మొదట గుడారములో కాపురము పెట్టారు. ఆయనకు అప్పటికి 35 ఏండ్లు. తమిళములోను ఇంగ్లీషులోను సభలను కదిలించిన వక్త తెలుగు అక్షరములు దిద్దుకోవలసి వచ్చింది. ఒక భాషలో పేరు పొందినవాడు మరొక భాషలో పసిపిల్లవానివలె తప్పులు మాట్లాడటానికి సిద్ధపడటం చిన్న విషయము కాదు. పొరుగు భాష వారి సంఘమునకు బదిలీ అంటేనే ముఖము ముడుచుకొనే కాలము మనది. ఆయన మాత్రము తెలుగు నేర్చుకొని ఆ భాషలోనే ప్రసంగించారు, ఆ భాషవారి మధ్యనే ప్రాణము విడిచారు.

మరుసటి సంవత్సరము, 1910లో, ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. ఆసియా సంఘములవారు ఇరవైమంది లోపే. విదేశ మిషనరీలకు, స్వదేశ సేవకులకు గల సంబంధమును గూర్చి మాట్లాడమన్నప్పుడు అజరయ్యగారు మొగమాటపడలేదు. మిషనరీల త్యాగమును మెచ్చుకుంటూనే, వారు మాతో పనివారితో దొరలవలె ఉంటున్నారు గాని స్నేహితులవలె కలిసిమెలిసి ఉండటంలేదని సభ ముఖముననే చెప్పారు. కొందరికి కోపము వచ్చింది. ఆయనను పెంచిన మిషను ఎదుట అలా మాట్లాడటం అవిధేయత కాదా అని అడగవచ్చు. కాదనే నా అభిప్రాయము. దేవునికి లోబడినవానికి మనుష్యుల యెదుట దాసత్వము అక్కరలేదు. తల వంచడం వేరు, లోబడటం వేరు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకము పొందారు. భారతీయుడు ఆ పదవికి తగునా అని సణిగినవారు తెల్లవారిలోనే గాక మనవారిలోను ఉన్నారు. ఆయన ఆ మాటలకు జవాబు చెప్పుకుంటూ కూర్చోక పల్లెలకు బయలుదేరారు.

ఆ పల్లెలలో పని ఎట్టిది? ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన తిరుగుడు. సంఘస్థులలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. భూమి లేదు, చదువు లేదు, ఊరి బావి నీళ్లు లేవు. మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగు శత్రువులను తరిమివేయాలని ఆయన తరచు చెప్పేవారు. చూడండి, అందులో పాపముల జాబితాలో మనము వ్రాసుకొనేది తాగుడు ఒక్కటే. పెండ్లికి అప్పు చేయడం, గుడిసె ముందు మురికి నిలువనీయడం కూడ దేవుని మాట వినకపోవడమేనని ఆయన లెక్క. గుడిలో కులము పేర పంక్తులు వేరు చేయడమును ఆయన ఒప్పుకోలేదు. ఈ విషయములో ఆయన పూర్తిగా గెలిచారని చెప్పలేను. మాల పేట, మాదిగ పేట, రెండు గుడులు అన్న ఊళ్లు ఇంకా మనకున్నాయి.

బాప్తిస్మము పొందిన ప్రతివాని చేతను తన తలమీద తానే చేయి పెట్టించి, సువార్త చెప్పడం మానితే తనకు శ్రమ అన్న అర్థము వచ్చే పౌలు మాటను ప్రమాణముగా పలికించేవారు. అక్షరము రాని కూలివాని చేత, నిన్నటిదాకా విగ్రహమునకు మ్రొక్కిన ముసలమ్మ చేత కూడ! సువార్త పని అయ్యగారిది అని అనుకొనేందుకు సందు లేకుండా చేశారు. సాక్ష్య వారములలో వేలమంది గ్రామస్థులు గుంపులుగా చుట్టుపట్ల ఊళ్లకు వెళ్లి, పాడి, తమకు జరిగినది చెప్పేవారు. వారిలో వచ్చిన మార్పును చూసి కొన్ని చోట్ల పెద్ద కులములవారు కూడ సంఘములో చేరారు. కృష్ణా, కర్నూలు ప్రాంతములు కూడ కలిసిన తరువాత, 1930ల నడుమ నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలములో క్రైస్తవుల సంఖ్య 2 లక్షలు దాటింది.

ఇవ్వడమును గూర్చి కూడ ఇదే పద్ధతి. బీదవారిని కానుక అడగడమేమిటని జాలిపడే మిషనరీలతో ఆయన ఏకీభవించలేదు. జాలి పేరుతో వారిని భిక్షగాళ్లుగానే ఉంచుతారని ఆయన భయము. వంట ముందు పిడికెడు బియ్యము తీసిపెట్టడం, కోతపండుగకు పొలములోని మొదటి పంట తేవడం ఆయన సంఘములకు అలవాటు చేశారు. డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ పూర్తి కావడానికి పాతికేండ్లు పట్టింది. గోపురములలో మసీదుల పోలిక, స్తంభములలో దేవాలయముల పోలిక గల ఆ కట్టడము 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది.

విధేయతకు వెల ఉంటుందని 1930లలో ఆయనకు మరొకసారి తెలిసివచ్చింది. క్రైస్తవులకు వేరు నియోజకవర్గములు కావాలని మన నాయకులు కొందరు అడిగితే, సంఘము రాజకీయ గుంపు కాకూడదని ఆయన వ్యతిరేకించారు. దేశమును అంతగా ప్రేమించినవాడే, ఆసుపత్రులు, బడులు నడపండి గాని మతములోకి చేర్చుకోవద్దని గాంధీగారు అన్నప్పుడు దానికీ ఒప్పుకోలేదు. ఒకసారి సొంతవారు నొచ్చుకున్నారు, మరొకసారి దేశమంతా గౌరవించే మహాత్మునితోనే విభేదము వచ్చింది. ఈ రెండు నిర్ణయములు పొసగవని కొందరంటారు. రెండింటిలోను ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ప్రభువు సంఘమును దేనికి పంపాడు అని.

సంఘముల ఐక్యత ఆయన చివరి భారము. 1919లో తరంగంబాడిలో కూడిన 33 మంది సేవకులలో ఆయన ముఖ్యులు. 1927లో లొసాన్ మహాసభలో, పాశ్చాత్యులకు చీలికలు ఒక అసౌకర్యము కావచ్చు గాని మా దేశములో అవి పాపమే అన్న భావమును గట్టిగా వినిపించారు. పాతికేండ్లకు పైగా కమిటీలు, సవరణలు, ఉత్తరములు. పల్లెలో బాప్తిస్మములిచ్చి వచ్చి, రాత్రి లాంతరు వెలుగులో అభిషేక క్రమమును గూర్చిన వాదములు చదువుకోవడం ఎంత విసుగో ఊహించవచ్చు. ఆయన వదలిపెట్టలేదు.

1944 క్రిస్మస్ కాలములో పర్యటనల నుండి జ్వరముతో ఇంటికి వచ్చారు. 1945 జనవరి 1న, 70వ యేట, ప్రభువునందు నిద్రించారు. కథీడ్రల్ ప్రక్కనే సమాధి చేశారు. రెండేండ్ల తొమ్మిది నెలలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమైంది. డోర్నకల్ అధ్యక్ష మండలము అందులో చేరింది. నంద్యాల ప్రాంతములోని కొన్ని సంఘములు మాత్రము ఆనాడు చేరక, చాలా ఏండ్లు విడిగానే ఉండిపోయాయి.