ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

విద్యార్థులారా! పరీక్షలో తప్పినవాడు దేనికిని పనికిరాడని తలంచువారికి మేమీ చరితమును వినిపింపగోరుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపనెంచి, యిల్లు విడిచి, దారిలోనే పట్టుబడిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడగు ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. వారి సోదరులిరువురు స్ప్రూ యను వ్యాధికి బలియైరి.

వారు అమెరికాకేగి, హార్వర్డునందు ఫిస్కెగారితో గూడి, భాస్వరమును కొలుచు విధానమును 1925లో వెల్లడించిరి. పిదప లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. అది స్ప్రూకు మందయ్యెను; కాని సోదరులకు అందలేదు. వారి యాజమాన్యమున డగ్గరుగారు కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసెను. ఆ ఆగష్టులోనే వారు గతించిరి.

ఈ రెండింటి మర్మము వారి యనంతరమే బయల్పడెను. సూక్ష్మజీవి మాంసకృత్తు నల్లునపుడు తొలిపూస మెథియొనీను. ఆరంభక వాహక ఆర్.ఎన్.ఎ. దానిని మోసికొనివచ్చును. ఫోలిక్ ఆమ్లమునుండి కలుగు పదార్థమొకటి దానికి ఫార్మైలును చేర్చును. ఈ ఫార్మైలు మెథియొనీను 1964లో కనుగొనబడెను. ఆరియోమైసినో, తరువాతి వాహకములు రైబోసోమున కుదురకుండ నడ్డగించి, యల్లికను నిలుపును.

పట్టము చిన్నదైనను వారి పట్టుదల చిన్నది కాదు. ఈ యేడు తప్పిన మా బాలురు మరల పుస్తకము పట్టుదురుగాక!