గూడవల్లి రామబ్రహ్మం

గూడవల్లి రామబ్రహ్మం (1902 - 1946) తెలుగు చలనచిత్ర దర్శకుడు, నిర్మాత, పత్రికా సంపాదకుడు. తెలుగు సినిమా పురాణగాథలకే అంకితమై ఉన్న రోజులలో అస్పృశ్యత, జమీందారీ పీడన వంటి సమకాలీన సమస్యలను తెరకెక్కించి, ప్రజాదరణను, దానితోపాటే ప్రభుత్వ నిషేధాన్ని కూడా చవిచూసిన వ్యక్తి. మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) ఇతని కీర్తికి ప్రధాన కారణములు.

తొలి జీవితం

రామబ్రహ్మం కృష్ణా జిల్లా నందమూరు గ్రామంలో జన్మించాడు. సినిమాలలో ప్రవేశించుటకు ముందే మద్రాసు నుండి వెలువడిన ప్రజామిత్ర పత్రికకు సంపాదకుడుగా పేరు గడించాడు. చిత్రరంగంలో ఇతనికి తోడ్పడిన రచయితలలో పలువురు సాహిత్యరంగం నుండి వచ్చినవారే కావడం గమనింపదగినది. చదువరులకు పత్రిక ద్వారా చెప్పదలచిన దానిని, చదువు రాని లక్షలమందికి తెర ద్వారా చెప్పవచ్చునని గ్రహించిన తొలి తెలుగువారిలో ఇతడొకడు.

మాలపిల్ల

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలైంది. ఆ తరువాత కొన్ని సంవత్సరాలపాటు రంగస్థల పౌరాణిక నాటకాలే ఎక్కువగా చలనచిత్రాలయ్యాయి. సాంఘిక చిత్రాలు బొత్తిగా లేకపోలేదు. 1936లో ప్రేమవిజయం వచ్చింది. కనుక మాలపిల్లను మొదటి సాంఘిక చిత్రమని చెప్పుట సరికాదు. అయితే సమాజాన్ని అంతగా కలవరపరచిన మొదటి చిత్రం మాత్రం అదే.

చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ అండతో స్థాపించబడిన సారథి ఫిలిమ్స్ ఈ చిత్రాన్ని నిర్మించింది. కథ గుడిపాటి వెంకటచలం, సంభాషణలు తాపీ ధర్మారావు, సంగీతం భీమవరపు నరసింహారావు సమకూర్చారు. అప్పటికే కీర్తిశేషుడైన బసవరాజు అప్పారావు గీతాలను కూడా ఇందులో వాడుకొన్నారు. సనాతనుడైన సుందరరామశాస్త్రి కుమారుడు ఒక హరిజన యువతిని ప్రేమించి, ఊరు విడిచి ఆమెతో కలకత్తా చేరుతాడు. ఊరిలో దేవాలయ ప్రవేశం కోసం ఉద్యమం సాగుతుంది. అగ్నిప్రమాదంలో చిక్కుకొన్న శాస్త్రి భార్యను ఒక హరిజనుడు కాపాడగా, శాస్త్రి మనసు మారి ఆ వివాహాన్ని అంగీకరిస్తాడు. కాంచనమాల నాయికగా, గోవిందరాజుల సుబ్బారావు శాస్త్రిగా నటించారు.

గ్రాంథిక సంభాషణలకు అలవాటుపడిన ప్రేక్షకులకు ఇందులోని వాడుకభాష కొత్తగా వినిపించింది. 1933-34లో గాంధీ జరిపిన హరిజన యాత్ర ఇంకా జనస్మృతిలో ఉంది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గ కాలంలో ఆలయ ప్రవేశంపై తీవ్రమైన చర్చ నడుస్తున్నది. 1939 జులైలో మధుర మీనాక్షి ఆలయంలోనికి హరిజనులు ప్రవేశించారు. అదే సంవత్సరం ఆలయ ప్రవేశానికి సంబంధించిన చట్టం వచ్చింది. ఈ మార్పును సినిమా తెచ్చినదని చెప్పలేము. ఇంటింటా మాట్లాడుకొనే విషయంగా చేసినది మాత్రం సినిమాయే. కథలో మార్పు అంతా అగ్రవర్ణ పెద్ద మనసు కరగడంపై ఆధారపడి ఉండటం, హరిజనుడు తన యోగ్యతను ప్రాణాలకు తెగించి నిరూపించుకోవలసి రావడం ఈ చిత్రంలోని లోపమని నేటి పాఠకునికి తోచక మానదు.

రైతుబిడ్డ

రెండవ చిత్రం ఇంకా సాహసోపేతమైనది. ఎన్నికలలో జమీందారు పక్షాన్ని కాదని రైతుల అభ్యర్థికి ఓటు వేసిన చిన్నరైతు నర్సిరెడ్డి పడిన బాధలే ఇందులోని కథ. ఆ పాత్రను ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ ధరించాడు. త్రిపురనేని గోపీచంద్ రచయితగా, కొసరాజు రాఘవయ్య గీతకర్తగా సినిమారంగానికి ఈ చిత్రంతోనే వచ్చారు. కొసరాజు ఇందులో నటించాడు కూడా.

జమీందారులు తీవ్రంగా ఆక్షేపించగా చిత్రప్రదర్శన నిషేధానికి గురైంది. జమీందారీ వ్యవస్థను ఎండగట్టిన చిత్రానికి పెట్టుబడి పెట్టినది ఒక జమీందారే కావడం విచిత్రం. కొన్నేళ్ళకు అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతులు, కూలీలు పోరాటం సాగించారు. 1948లో మద్రాసు శాసనసభ చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అది చూచుటకు రామబ్రహ్మం జీవించి లేడు.

తరువాతి చిత్రాలు

ఇల్లాలు (1940), అపవాదు (1941), పత్ని (1942), పంతులమ్మ (1943), మాయాలోకం (1945) ఇతని ఇతర చిత్రాలు. వీటిలో పత్ని కణ్ణగి కథ, మాయాలోకం జానపదం. నిషేధం తెచ్చిన నష్టం, యుద్ధకాలపు ముడిఫిల్ము కొరత ఆనాటి నిర్మాతలకు రైతుబిడ్డ వంటి ప్రయోగాలను దాదాపు అసాధ్యం చేశాయి.

పల్నాటి యుద్ధం నిర్మాణంలో ఉండగా రామబ్రహ్మం 1946 అక్టోబర్ 1న మరణించాడు. మిగిలిన భాగాన్ని ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేయగా చిత్రం 1947లో విడుదలైంది. చాపకూడు సంప్రదాయంతో కులభేదాలను ఎదిరించిన బ్రహ్మనాయుని కథ ఇది. మాలపిల్లలో సనాతనుడైన శాస్త్రిగా నటించిన గోవిందరాజుల సుబ్బారావే ఇందులో బ్రహ్మనాయుడు.

సారథి సంస్థ 1955లో రైతుల భూసమస్యపై రోజులు మారాయి చిత్రాన్ని నిర్మించింది. దానికి దర్శకుడు తాపీ ధర్మారావు కుమారుడైన తాపీ చాణక్య; పాటలు వ్రాసినవారిలో ముఖ్యుడు కొసరాజు.