అడవి నేలను చదివిన కయాండర్

మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఒక శాస్త్రవేత్తను ఈ వార్షికోత్సవ సంచికలో మీకు పరిచయం చేస్తున్నాను. ఆయన పేరు ఐమో కార్లో కయాండర్.

కయాండర్ 1879 ఏప్రిల్ 4న ఫిన్లాండ్‌లోని ఊసికౌపుంకి పట్టణంలో జన్మించారు. అప్పట్లో ఆ దేశం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. వృక్షశాస్త్రం చదివిన ఆయన 22 ఏళ్ల వయసులో సైబీరియాలోని లీనా నదీ తీరానికి వెళ్లి అక్కడి మొక్కలను పరిశీలించారు. తర్వాత అటవీశాస్త్రం వైపు వచ్చారు.

ఫిన్లాండ్‌కు అడవే సంపద. అందులో పైన్, స్ప్రూస్ చెట్లు ముఖ్యమైనవి. స్ప్రూస్ మన హిమాలయాల దేవదారు కుటుంబానికి చెందిందే. దాని వేర్లు ఎక్కువగా పైపైనే పాకుతాయి. అందుకే తేమ, సారం ఉన్న నేలలో ఏపుగా పెరుగుతుంది, ఎండిన ఇసుక నేలలో గిడసబారుతుంది. పైన్ మాత్రం అక్కడా బతుకుతుంది. నాటిన స్ప్రూస్ కోతకు రావడానికి 60, 70 ఏళ్లు పడుతుంది. తాత నేల ఎంపికలో పొరపాటు చేస్తే నష్టపోయేది మనవడు.

మరి నేల గుణం ముందే తెలిసేదెలా? పెద్ద చెట్లను చూసి చెప్పడం కష్టం. వాటిని మనిషి నరుకుతాడు, తగలబెడతాడు, వేరే రకం నాటుతాడు. అందుకే చెట్ల కింద పెరిగే చిన్న మొక్కలను చూడాలన్నారు కయాండర్. 1909లో ఆయన ప్రకటించిన అటవీ రకాల సిద్ధాంతం సారాంశం ఇదే. మన పులిచింత ఆకుకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క బిల్‌బెర్రీ పొదలతో కలిసి ఉంటే అది సారవంతమైన నేల, స్ప్రూస్‌కు అనుకూలం. నేలంతా లైకెన్లే పరుచుకుని ఉంటే అది బీద నేల, పైన్‌కు వదిలేయాలి.

1911లో ఆయన హెల్సింకి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఇల్వెస్సాలో అనే శాస్త్రవేత్త ఈ రకాల ఆధారంగా 1920లో చెట్ల పెరుగుదల పట్టికలు తయారుచేశారు. 1921–24లో దేశంలోని అడవులన్నిటి లెక్క తీశారు. అడవిని నరికిన వెంటనే కింది మొక్కలు మారిపోతాయి కనుక ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. అయినా ఫిన్లాండ్‌లో ఇది నేటికీ వాడుకలో ఉంది.

కయాండర్ మూడుసార్లు ప్రధానమంత్రి కూడా అయ్యారు. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం దాడి చేసినప్పుడు యూనిఫాం చాలక ఎందరో సైనికులు ఇంటి బట్టలతోనే యుద్ధానికి వెళ్లారు. ఆ వేషానికి జనం ఆయన పేరే పెట్టి ఎగతాళి చేశారు. మర్నాడే ఆయన ప్రభుత్వం రాజీనామా చేసింది. 1943 జనవరి 21న ఆయన కన్నుమూశారు.

మా నాన్న బడి ముఖం చూడలేదు. కౌలుకు చేను పట్టే ముందు తుంగ మొలిచిందేమో చూసి, నీరు నిలిచే నేలో కాదో చెప్పేస్తాడు. పీజీలో చేరిన కొత్తలో అది చదువు కిందకు రాదనుకున్నాను. కయాండర్ గురించి తెలిశాక సిగ్గుపడ్డాను. తమ్ముళ్లారా! ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలను వాళ్ల నేల గురించి అడగండి. వాళ్లు చెప్పింది నోటుబుక్కులో రాసుకోండి. అది నిజమో కాదో పరీక్షించి చూడండి. శాస్త్రం అక్కడే మొదలవుతుంది.