గానాచార్యురాలు లోటే లేమన్

ఏ విద్యార్థికైనా ప్రతిభ లేదని తీర్పు చెప్పబోయే ముందు లోటే లేమన్ జీవితాన్ని స్మరించుట మేలని మేము తలుస్తాము.

ఆమె 1888లో జర్మనీలోని పెర్లెబెర్గ్‌లో జన్మించింది. బెర్లిన్‌లో ఎటెల్కా గెర్‌స్టర్ నడిపిన గాన పాఠశాల ఆమెను పనికిరాదని పంపివేసింది. మాలింగర్ అనే మరొక గాయని చేరదీసి విద్య నేర్పింది. 1910లో హాంబర్గ్‌లో రంగస్థలమెక్కిన లేమన్, 1916 నుండి వియన్నా ఒపేరాకు అలంకారమైంది. 1938లో ఆస్ట్రియా నాజీల వశమైన పిమ్మట అమెరికాలో స్థిరపడింది.

జర్మన్ కవితలకు షూబర్ట్, షూమన్ వంటి స్వరకర్తలు బాణీలు కూర్చగా, పియానో తోడుగా ఒక్కరే పాడే గేయాలను 'లీడ్' అంటారు. కవి హృదయం గ్రహింపక కేవలం స్వరశుద్ధితో పాడిన లీడ్ నిర్జీవమని ఆమె విశ్వాసం. 1945లో వెలువడిన 'మోర్ దాన్ సింగింగ్' గ్రంథంలో అనేక గేయాల భావాన్ని విప్పి చెప్పింది. అయినను తన్ను అనుకరింపవద్దని, ఎవరి అనుభూతిని వారే వెదకుకొనవలెనని హెచ్చరించింది. 1951లో కచేరీలు విరమించి, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో యువ గాయకులకు బోధించింది. ప్రఖ్యాత గాయని గ్రేస్ బంబ్రీ ఆమె శిష్యురాలే. లేమన్ 1976లో అక్కడే కన్నుమూసింది.

ఉర్దూ గజలైనా, తెలుగు పద్యమైనా అర్థమెరిగి చదివిననాడే ప్రాణం పోసుకుంటుంది. విద్యార్థులు దీనిని గుర్తింతురు గాక! ఒకరు త్రోసివేసిన శిష్యురాలిలో మరొకరు ఆచార్యురాలిని చూడగలిగారు. అధ్యాపకులమైన మేము మరువరాని పాఠమిది.