యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించిరి. వారి యౌవనమున సోదరు లిద్దరు కొలది దినముల తేడాతో స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. ఆ రోగమునకు నాటి వైద్యు లెవ్వరును మందెరుగరు. ఈ దుఃఖము సుబ్బారావుగారి హృదయమున చెరగక నిలిచెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు వారు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించిరి. అది ఆంగ్లేయుడైన ఆచార్యునకు గిట్టలేదు. అందుచే పెద్ద పట్టము దక్కక చిన్న పట్టమే లభించెను. అయినను వారు నిరాశ చెందలేదు. 1923లో అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో పరిచారకుడుగా పనిచేయుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించిరి. 1925లో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించిరి.

1940లో వారు లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచట వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తోబుట్టువులను బలిగొన్న వ్యాధికి అదియే మందయ్యెను! పిదప బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పెన్సిలిన్‌కు లొంగని పెక్కు సూక్ష్మజీవుల నణచు ఆరియోమైసిన్ వెలువడెను.

మాతృభూమిని మరల చూడకయే 1948 ఆగస్టులో, 53వ ఏట, వారు అమెరికాలో కన్నుమూసిరి. తన యింటి దుఃఖమును లోకమునకు ఔషధముగా మార్చిన ఆ మహనీయుని జీవితము మనకు ఆదర్శము.