హైమన్‌డార్ఫ్ పండితుడు – ఆయన యింటిపేరు

మన యిండ్లకు పెండ్లిసంబంధము వచ్చినచో పెద్దలు మొట్టమొదట అడుగునది ఇంటిపేరు. ఇంటిపేరు తెలిసినచో ఊరు తెలియును, వంశము తెలియును, ఎవరికి ఎవరు ఏమి కావలెనో తెలియును. తాళ్ళపాకవారు, వేటూరివారు, రాయప్రోలువారు అనునప్పుడు ఆ పేరు వెనుక ఒక గ్రామము నిలిచియున్నది. ఆ వంశీయులు ఆ గ్రామమును విడిచి తరములు గడచినను, గ్రామము మాత్రము వారి పేరును విడువలేదు.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్రము వ్రాసియిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు, గ్రామ లెక్కలు వ్రాసికొను నేను ఏ మహాకవిని గూర్చి వ్రాయుదునా యని కొన్ని దినములు తర్కించితిని. కవులను గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. ఇంటిపేర్లు, పట్టాలు, పహాణీలు నాకు తెలిసిన విద్య. కావున ఆ విద్యతో ముడివడిన ఒక విదేశీయుని జీవితమును ఎన్నుకొంటిని. ఆయన మనకు మిక్కిలి దూరపువాడు కాడు. అడిక్‌మెట్ ఒకప్పుడు నగరమునకు వెలుపలి గ్రామము. ఆ భూములలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థిరమైన తావు ఏర్పడినది. 1939లో అచ్చట ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమైనది. తరువాత కొన్ని యేండ్లకు ఆ విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమును బోధించిన ఆచార్యుడే క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ముందు ఆ పేరును విప్పి చూతము. జర్మను దేశమున నూరెంబర్గు అను ప్రాచీన నగరము కలదు. ఆ నగరమును శతాబ్దములపాటు కొన్ని వర్తక కుటుంబములే సభ తీర్చి పాలించెను. అందు ఫ్యూరరు వంశమొకటి. ఆ వంశమువారికి నగరమునకు తూర్పున పెగ్నిట్జ్ నదీప్రాంతమున ఒక గ్రామమును, అందు ఒక కోటయు ఉండెను. ఆ గ్రామము పేరు హైమన్‌డార్ఫ్. ఇప్పుడది రోతెన్‌బాహ్ అను పట్టణములో ఒక భాగము. జర్మను భాషలో డార్ఫ్ అనగా ఊరు. మన పేర్లలోని పల్లి, పాడు, పూడి యెట్టివో ఇదియు నట్టిదే. ఫాన్ అనునది ఫలానా ఊరివాడు అని చెప్పు విభక్తి వంటిది. కావున పేరంతయు కూర్చి చదివినచో హైమను పల్లెకు చెందిన ఫ్యూరరువారి క్రిస్టోఫ్ అని తేలును. ఇంత పొడవైన పరదేశి పేరును విప్పగా లోపల మన యింటిపేరు వంటిదే కనబడినది.

ఈ యింటిపేరు ఆ దేశమున మిక్కిలి అరుదు. అచ్చట మ్యూలరు, ష్మిట్, ష్నైడరు అను పేర్లు ఏ వీధికి పోయినను వినబడును. మ్యూలరు అనగా తిరగలి మరవాడు, ష్మిట్ అనగా కమ్మరి, ష్నైడరు అనగా దర్జీ. ప్రతి యూరికి కమ్మరి కావలెను గనుక ప్రతి యూరిలోను ఆ పేరు పుట్టినది. వృత్తినిబట్టి వచ్చిన పేరు వేయి చోట్ల మొలచును. ఒక కోటనుబట్టి వచ్చిన పేరు ఒక్క వంశమునకే చెల్లును. ఆ వంశము సన్నగిల్లినచో పేరును సన్నగిల్లును. ఈ ఫ్యూరరు వంశమున 1541 మొదలు 1610 వరకు జీవించిన ఒక క్రిస్టోఫ్ ఐగుప్తు, పాలస్తీనా దేశములను తిరిగి యాత్రాచరిత్రము వ్రాసెను. 1663లో పుట్టి 1732లో గతించిన మరియొక క్రిస్టోఫ్ కవి. అతడు నూరెంబర్గులోని పెగ్నిట్జ్ పుష్పసంఘమను కవిసమాజమునకు అధ్యక్షుడుగా నుండెను. తాత పేరు మనుమనికి పెట్టు వాడుక మనకే ఉన్నదనుకొనువారు ఈ వంశవృక్షమును చూడవలెను.

మన క్రిస్టోఫ్ 1909లో ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో జన్మించెను. ఆయన పదియేండ్లు నిండని బాలుడుగా నుండగా, 1919లో, ఆస్ట్రియా ప్రభుత్వము కులీనుల బిరుదములన్నిటిని చట్టముచే రద్దు గావించి, పేర్లలోని ఫాన్ అను మాటను తీసివేసెను. అనగా ఆయన పేరును ప్రభుత్వపు కలము ఒకమారు బాల్యమందే కత్తిరించినది. పేరు అనునది పుట్టుకతో వచ్చినను, అది చెల్లుట కాగితములో వ్రాసినదానినిబట్టియే యని ఆయనకు నాడు తెలియకపోవచ్చును, తరువాత చక్కగా తెలిసివచ్చినది.

వియన్నా విశ్వవిద్యాలయమున ఆయన మానవశాస్త్రమును చదివి, అస్సాము కొండజాతుల సంఘ నిర్మాణమును గూర్చి పరిశోధించి పట్టము పొందెను. అప్పటికి ఆ కొండలను కన్నులార చూచియుండలేదు. పిదప లండనుకు పోయి మలినోవ్‌స్కీ అను ఆచార్యుని గోష్ఠిలో కూర్చుండెను. ఒక జాతిని తెలిసికొనవలెనన్నచో ఆ జనుల నడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి కూడు తినవలెనన్నది ఆ ఆచార్యుని మార్గము. 1936లో క్రిస్టోఫ్ నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల నడుమ నివసించెను. 1938లో ఎలిజబెత్ బర్నార్డో అను ఆంగ్ల వనితను వివాహమాడెను. అందరును ఆమెను బెట్టీ యని పిలుచుచుండిరి. 1939లో దంపతులు మరల హిందూదేశమునకు వచ్చిరి.

వచ్చిన యేడే యూరపులో యుద్ధము పుట్టినది. అంతకు ముందటి యేడు జర్మనీ ఆస్ట్రియాను మ్రింగివేసియుండుటచే ఆయన చేతిలో నున్నది జర్మను పాస్‌పోర్టు. ఆ రాజ్యము నేలు నియంత ధరించిన బిరుదము చెవికి ఈయన యింటిపేరు వలెనే వినబడును! కాగితమునుబట్టి ఆయన శత్రుదేశీయుడు. ఆంగ్లప్రభుత్వము ఆయనను నిర్బంధించినది. అయితే మిత్రులైన అధికారుల సహాయమున ఆ నిర్బంధము నిజాము రాజ్యపు సరిహద్దులలో ఉండవలెనను షరతుగా మారినది. ఆ విధముగా ఒక పాస్‌పోర్టులోని రెండు పంక్తులు ఆయనను హైదరాబాదు రాజ్యమునకు బంధించినవి. ఆ బంధనమే మనకు లాభమైనది.

మొదట ఆయన నల్లమల అడవులలోని చెంచులకడకు పోయెను. పిదప గోదావరి తీరపు కొండరెడ్లకడకు పోయెను. 1943లో చెంచులను గూర్చియు, 1945లో కొండరెడ్లను గూర్చియు గ్రంథములు వెలువడినవి. ఇంక ఆదిలాబాదు గోండుల విషయమునకు వత్తును. ఆయన జీవితమున సారమైన భాగమిదియే, నేను కలము పట్టుటకు కారణమును ఇదియే.

గోండులు ఒకప్పుడు రాజ్యములేలిన జాతి. వారికిని ఇంటిపేర్లు కలవు. ఆత్రం, మడావి, మెస్రం, సిడాం, పెందూర్, కుమ్రం మొదలగునవి. ఆ యింటిపేర్లు దేవతల సంఖ్యనుబట్టి సగలు అను పెద్ద విభాగములుగా ఏర్పడియుండును. ఒక సగలోనివారు అన్నదమ్ములు గనుక వారిలో వారికి పెండ్లి లేదు. ఏ యింటివారు ఎచ్చటినుండి వచ్చిరో, ఏ వేలుపును కొలుతురో ప్రధానులను గాయకులు కిక్రి అను తంత్రీవాద్యము వాయించుచు కథలుగా పాడుదురు. ఒక్క అక్షరము వ్రాతలో లేకున్నను వంశావళి చెక్కుచెదరలేదు. జర్మనీలో ఒక కోటకును ఒక వంశమునకును పరిమితమైన పేరు గల మనుష్యుడు, ఊరూర వినబడు ఈ పేర్లను ఒక్కొక్కటిగా వ్రాసికొనుచు కూర్చుండెను. 1948లో వెలువడిన రాజగోండుల గ్రంథమున వాటి వివరములు చూడవచ్చును.

ఇంతటి వంశజ్ఞానము గల జనులకు లేనిది ఒక్కటే. వారి పేర్లు సర్కారు దస్త్రములో లేవు. కొన్నేండ్లు ఒక పోడు దున్ని, దానిని బీడు వదలి మరియొక చోటికి పోవుట వారి వ్యవసాయ పద్ధతి. భూమి అందరిదను భావముండుటచే పట్టా యన నేమో వారికి పట్టలేదు. ఇంతలో అడవులకు హద్దురాళ్ళు పాతిరి. రైలుమార్గము వచ్చినది, రోడ్లు వచ్చినవి, వాటి వెంట మైదానపు రైతులును వడ్డీవ్యాపారులును వచ్చిరి. పట్టాను గూర్చి తెలిసినవారు పట్టాలు పొందిరి. తరములుగా దున్నినవాడు దస్త్రములో శివాయి జమాబందీదారు, అనగా హక్కు లేక దున్నువాడు అయ్యెను. అడవిలో దున్నినచో జరిమానా, మ్రాను నరికినచో జరిమానా, కట్టలేనిచో గుడిసెలకు నిప్పు. ఈ బాధ తాళలేక కుమ్రం భీము జోడేఘాట్ కొండలలో తిరుగుబాటు సాగించి 1940లో తుపాకిగుండ్లకు బలియయ్యెను.

ఆ రక్తపాతము పిదప నిజాము ప్రభుత్వము ఈ అలజడికి కారణమేమో తెలియగోరెను. ఆ పని హైమన్‌డార్ఫ్ పండితునిపై పడినది. ఆయన సమాధానము కష్టమైనది కాదు. గోండులు దోషులు కారు, భూమి పోవుటయే దోషమని చెప్పెను. దున్నువాని పేర పట్టా వ్రాయవలెననియు, గిరిజనుని భూమి గిరిజనేతరునికి చేరకుండ చట్టము చేయవలెననియు, వారి పంచాయతీలకు అధికారమీయవలెననియు ఆయన వాదించెను. ఆ సలహాలనుబట్టి గిరిజన ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలు ఏర్పడినవి. 1940 తరువాతి దశాబ్దమున లక్ష ఎకరములకు మించిన భూమి ఆదిలాబాదు గిరిజనుల పేర పట్టా అయినది. ఆత్రం, మడావి, సిడాం అను పేర్లు పాటలలోనుండి దస్త్రములోనికి వచ్చినవి.

ఈ వాక్యము వ్రాయుట సులభము. దాని బరువు మా వృత్తిలోనివారికి తెలియును. ఊరి పేరు చెప్పను గాని, నేనొక పాత పహాణీలో ఒకే మనుష్యుని పేరు మూడు సంవత్సరములలో మూడు విధములుగా వ్రాసియుండుట చూచితిని. మొదటి యేట ఇంటిపేరు ఉన్నది, రెండవ యేట అది లేదు, మూడవ యేట మరియొక పేరే యున్నది. వ్రాసినవాడు అజాగ్రత్తచే వ్రాసెనో, ఒకరి మేలుకొరకై వ్రాసెనో భగవంతునికెరుక. ఆ మనుష్యుని మనుమడు నా యెదుట నిలుచుండి తన తాత పేరు అందున్నదా యని అడిగెను. చదువు వచ్చియుండియు నేను చదివి చెప్పలేకపోతిని.

పట్టా చేతికిచ్చినను చదువలేనివానికి అది చిత్తుకాగితమే యని ఆ పండితుడు గ్రహించెను. కావున జైనూరు సమీపమున మార్లవాయి అను గోండు గ్రామమున కాపురముండి, 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము స్థాపింపజేసెను. గోండీ భాషలో దేవనాగరి లిపితో వాచకములు సిద్ధమైనవి. గోండీ నేర్చిన అధికారియు, పిదప చరిత్రకారుడుగా పేరొందినవాడునగు సేతుమాధవరావు పగడీగారు ఈ ఉద్యమమునకు గొప్ప అండ. అచ్చట చదివినవారు ఉపాధ్యాయులై పల్లెలకు మరలిరి. బెట్టీదేవి మాట మరువరాదు. పురుషునికి ప్రవేశములేని స్త్రీల లోకము ఆమె మూలముననే గ్రంథములకెక్కినది. వాటిలో కొన్నిటిపై భర్త పేరుతోపాటు ఆమె పేరును అచ్చయినది. ఆ కాలమున అది అరుదైన న్యాయము.

1944, 45 సంవత్సరములలో ఆంగ్లప్రభుత్వమే ఆయనను ఈశాన్య సరిహద్దున అపాతానీల ప్రాంతమునకు ప్రత్యేకాధికారిగా పంపినది. శత్రుదేశపు పాస్‌పోర్టు గలవానిని సరిహద్దుకే పంపుట విడ్డూరము గదా. మరలివచ్చి 1945 మొదలు 1949 వరకు నిజాము ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుగను, మన పొరుగుననే ఉస్మానియాలో ఆచార్యుడుగను పనిచేసెను. 1949లో లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాపీఠమునకు వెడలి, 1951లో ఆచార్యపదవినంది, 1976 వరకు అందుండెను. నేపాళమునకు పలుమారులు పోయి షెర్పాలను గూర్చి వ్రాసినదియు ఆ కాలమందే. ఆ గ్రంథము 1964లో వెలువడినది.

ఉద్యోగ విరమణానంతరము ఆయన విశ్రాంతి కోరక మరల ఆదిలాబాదు చేరెను. ముప్పది యేండ్ల వెనుక పట్టాలిప్పించిన పల్లెలనే తిరిగి చూచెను. పెక్కు చోట్ల ఆ భూములు చేతులు మారియుండెను. 1970 నాటి చట్టము గిరిజన ప్రాంతమున గిరిజనేతరునికి భూమి బదలాయింపును నిషేధించుచున్నను, అప్పులచేతను మోసముచేతను భూమి జారిపోవుచునే యుండెను. తన కృషి కరగిపోవుచుండుట చూచియు ఆయన దాచలేదు. 1979లో గోండులను గూర్చి మరల వ్రాసి, 1982లో గిరిజనుల మనుగడ పోరాటమను గ్రంథమున ఈ నష్టమును గ్రామముల వారీగా బయటపెట్టెను. తన విజయమును తానే ఆడిటు చేసి, లోటును లోటుగా చూపినవాడని నా వంటివాడు చెప్పవచ్చును. అట్టి లెక్క వ్రాయుటకు గుండె కావలెను.

బెట్టీదేవి 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూసినది. ఆమెను మార్లవాయిలో ఖననము చేసిరి. ఆయన 1995 జూన్ 11న లండనులో గతించెను. ఆయన అవశేషములును మార్లవాయికే చేరి, భార్య సమాధి ప్రక్కన చోటు పొందినవి.

మన పత్రికలలో ఆయన పేరు హైమన్‌డార్ఫ్ అనియు, హైమండార్ఫ్ అనియు, హేమండార్ఫ్ అనియు పలు విధముల కనబడును. ఫ్యూరరు అను వంశనామమును మనవారు ఎన్నడో జారవిడిచిరి. మిగిలినది ఊరి పేరొక్కటే. నూరెంబర్గు ప్రాంతమున నేడొక చిన్న పట్టణములో కలిసిపోయిన ఆ పల్లె పేరును, ప్రతి సంవత్సరము జనవరి 11న మార్లవాయి సమాధులకడ వర్ధంతికి చేరు ఆత్రంవారు, మడావివారు, మెస్రంవారు తమ బంధువు పేరు పలికినట్లు పలుకుదురు.