వైరస్‌కు మన కణం ఇచ్చే ఇంధనం: జాడ తీసిన యల్లాప్రగడ సుబ్బారావు

ఫ్లూ, కొవిడ్ వైరస్‌లకు సొంతంగా శక్తి తయారుచేసుకునే ఏర్పాటు లేదు. మన కణంలోని ఏటీపీనే వాడుకుంటాయి. ఆ ఏటీపీని తొలిసారి గుర్తించినవారిలో ఒకరు తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్నా చిన్నదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. 1922లో మామగారి సాయంతో అమెరికాకు బయల్దేరారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

బోస్టన్‌లో ఆసుపత్రి పనులు చేసుకుంటూ చదివారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. కణానికి అదే ఇంధనమని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

వైరస్‌కు ఆ ఇంధనం ఎందుకు? ఫ్లూ వైరస్‌పై ముళ్లలా కనిపించే హెమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ మన కణంలోనే గొలుసులా తయారవుతుంది. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే భాగంలో దానికి చక్కెర అణువులు అతుక్కుంటాయి. గొలుసు మడతపడుతుంది, మూడేసి గొలుసులు ఒక్కటవుతాయి. అక్కడి నుంచి గాల్జీ మీదుగా కణం అంచుకు చేరుతుంది. చివరగా మన ఎంజైమే దాన్ని ఒకచోట కోస్తుంది. ఆ కోత పడకపోతే వైరస్ మరో కణంలోకి వెళ్లలేదు. కొవిడ్ స్పైక్‌ను ఇలా కోసే ఎంజైమ్ ఫ్యూరిన్. కణంలో ఏటీపీని తగ్గిస్తే హెమాగ్లుటినిన్ సరిగా మడతపడదని 1992లో వెలువడిన ప్రయోగాలు చూపించాయి. అలాగని ఏటీపీని ఆపేస్తే మన కణమూ బతకదు. అందుకే మందుల పరిశోధకులు కణానికి హాని చేయకుండా వైరస్‌నే దెబ్బతీసే మెట్టు కోసం వెతుకుతారు.

హార్వర్డ్ సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచి కృత్రిమ ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, లుకేమియాపై వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ వచ్చాయి. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూశారు. నోబెల్ రాలేదు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఆ పద్ధతికి మాత్రం ఫిస్క్-సుబ్బారావు అన్న పేరే నిలిచిపోయింది.